చిత్రమునకు ప్రతి వ్రాయుట



వరికోతలు చేతితో సాగిన దినములలో ముదినేపల్లి నుండి కైకలూరు పోవు బాట వెంబడి, మిట్టమధ్యాహ్నపు వేళ కూలివారు గడ్డివాము నీడను మేను వాల్చి యుండుట మీరెల్లరు చూచినదే. కోతయంత్రములు వచ్చిన పిమ్మట ఆ దృశ్య మరుదైనది. అట్టిదే ఫ్రాన్సు దేశపు తైలవర్ణ చిత్ర మొకదానియందు గలదు. పురుషుడు టోపీ ముఖముపై గప్పికొనినాడు. స్త్రీ ప్రక్కనే ఆదమరచి నిద్రించుచున్నది. చెంత రెండు కొడవళ్ళు, విప్పి పెట్టిన పాదరక్షలు. దూరమున బండియు ఎడ్లును. వ్రాసినవాడు విన్సెంటు వాన్ గో. వింత యేమన, ఆ కల్పన యాతనిది కాదు. అది వేరొకరి చిత్రమునకు ప్రతి.

1889 మే నెలలో వాన్ గో చిత్తవ్యాధి పీడితుడై సేన్ రెమీ యను ఊరి వైద్యశాలలో తనంతట తానే చేరెను. అప్పటికి ముప్పదియారేండ్లవాడు. వ్యాధి ముదిరినపుడు పొలములకు బోవ వీలులేదు. ఎదుట నిలువబెట్టి వ్రాయుటకు మనుష్యులు దొరకరు. పారిసులోని తమ్ముడు థియో పంపిన అచ్చుబొమ్మలే దిక్కైనవి. వానిలో ముఖ్యమైనవి 1875లో గతించిన మిల్లేవి. ఈ మిల్లే కాపుకుటుంబమున బుట్టి, కృషీవలుల బ్రతుకును చిత్రించినవాడు. ఆ శరత్తునుండి చలికాలము వరకు వాన్ గో మిల్లే చిత్రములకు 21 ప్రతులు వ్రాసెను.

అయితే ఆ అచ్చుబొమ్మలలో నలుపు తెలుపులే గాని రంగు లేదు. నేను చెప్పిన బొమ్మ కొయ్యచెక్కడపు అచ్చగుటచే కుడియెడమలును తారుమారైనవి. వాన్ గో అట్లే గ్రహించెను. గీత మిల్లేది, రంగు తనది. పైరునకు పసుపుపచ్చన, నీడకు నలుపు గాక నీలమును ఊదాయును. పరుల కృతిని వాయించు వాద్యగానితో తన పనిని పోల్చుచు తమ్మునికి జాబు వ్రాసెను. త్యాగయ్యగారి కీర్తన పాడిన భాగవతుని చోరుడని మన మనుచున్నామా? బడిలో బొమ్మ చూచి గీసిన బాలుని మాత్రము "మక్కికి మక్కి" యని గద్దింతుము.

1890 జూలైలో ఆయన మరణించెను. 1905లో జర్మనీ దేశపు డ్రెస్డెను నగరమున ఆయన చిత్రములు ప్రదర్శింపబడినవి. "వంతెన" యను పేర ఆ యేడే సంఘముగా గూడిన యువచిత్రకారులు వానిని జూచి ఉత్తేజితులైరి. కన్ను చూచినది గాక మనస్సు పొందిన తాపమును రంగుతో వెడలగ్రక్కు ఈ పద్ధతికి ఎక్స్‌ప్రెషనిజమని పేరు.

ఆ నిద్రించు జంటను నేనును ఒకమారు ప్రతి వ్రాయ బూనితిని. చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్లు, అచ్చుబొమ్మపైనను గుడ్డపైనను సమముగా గడులు గీసికొంటిని. రూపు కుదిరినది. గడ్డివాము మాత్రము గోడవలె బిగిసికొనిపోయినది. మూడవ దినమునగాని, ఆయన కుంచె గడ్డిపోచ వాలిన దిక్కుననే నడచినదని నాకు దోచలేదు. ఏండ్ల తరబడి ఆ బొమ్మను జూచియు చూడనిది, చేతితో వ్రాసినపుడే కనబడినది. నా ప్రతి పాడైనందుకు విచారము లేదు.

మన ప్రాంతపు వారినే చూడుడు. భీమవరమున జన్మించిన అడివి బాపిరాజుగారు రాజమహేంద్రవరమున కూల్డ్రేదొరగారి ప్రోత్సాహమును బొంది, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారికి శిష్యులై, తరువాత ఆ కళాశాలకే అధ్యక్షులైరి. "నారాయణరావు" నవలతో ఆంధ్రదేశమంతట పేరు గన్నవారు. అట్టివారు ఏబదియైదేండ్లు దాటిన వయస్సున, 1951లో, మద్రాసు ప్రభుత్వము పంపగా సింహళమునకు బోయి, సిగిరియ కొండపై అయిదవ శతాబ్దినాటి భిత్తిచిత్రములకు ప్రతులు వ్రాసిరి. ఆ మరుసటి యేడే కీర్తిశేషులైరి.