క్రిస్మస్ పళ్లెంలో నిప్పట్లు, గులాబీ పూలు

భోజనానికి ముందు చిన్న వంటకాన్ని విడిగా వడ్డించి, అది ముగిశాకే అసలు భోజనం తేవడం తెలుగు విస్తరికి తెలియని పద్ధతి. పప్పు, కూర, పచ్చడి, తీపి అన్నీ అక్కడ ఒకేసారి ఆకులో చోటు చేసుకుంటాయి. వంటకాలను ఒకదాని తరువాత ఒకటిగా తెచ్చే ఈ క్రమం, రష్యన్ వడ్డన అనే పేరుతో, ఐరోపాలో సైతం 19వ శతాబ్దంలోనే స్థిరపడింది. కాబట్టి కర్నూలు జిల్లా పడమటి భాగంలో, అంటే ఆదోని, ఎమ్మిగనూరు, గూడూరు ప్రాంతాల క్రైస్తవ కుటుంబాలలో, క్రిస్మస్ విందుకు ముందుగా చేసిపెట్టుకునే తొలి వంటకాలేవని వెతికితే హోటలు తరహా స్టార్టర్లకు బదులు ఒక పళ్లెం ఎదురవుతుంది. ఆరాధన ముగించుకుని వచ్చినవారికి, బిర్యానీ దించేలోగా తలుపు తట్టిన చుట్టానికి పెట్టే ఆ పళ్లెంలో నిప్పట్లు, మురుకులు, కర్జికాయలు, గులాబీ పూలు, కేకు ముక్క ఉంటాయి. అవి వేరువేరు దారులలో వచ్చినవి. వాటిని ఒక్కచోట చేర్చింది పండుగే అయినా, పండుగకు వారం ముందే వండుకునే వీలు కల్పించింది నూనె.

ఈ ప్రాంతానికి క్రైస్తవం ఒకే వైపు నుంచి రాలేదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో చేరిన ఆదోని, బళ్లారి జిల్లాలో భాగంగా ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. ఆ బళ్లారిలో లండన్ మిషనరీ సొసైటీ పక్షాన జాన్ హ్యాండ్స్ 1810లోనే పని మొదలుపెట్టాడు. నవాబుల ఏలుబడి 1839లో ముగిసిన కర్నూలు వైపు అమెరికన్ బాప్టిస్టులు, నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు పనిచేశాయి. 1876-78 నాటి కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను కుదిపివేసింది. ఆ కాలంలో తెలుగు నేలపై సంఘాలలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. జొన్న రొట్టె, కొర్రన్నం రోజువారీ తిండిగా, వరి అన్నం పండుగనాటి భోగంగా ఉన్న ఇళ్లవి. ఊరి పండుగలలో పెద్ద కులాల ఇళ్ల నుంచి తమ పాలు అందుకోవడమే ఆనవాయితీగా గడిచిన ఆ కుటుంబాలకు, తమదైన పండుగకు తామే మూకుడు పెట్టి నలుగురికీ పంచడం చిన్న మార్పు కాదు. ఆ పళ్లేలను అందుకోవడానికి సంకోచించిన గడపలూ ఉండేవి కనుక ఇచ్చిపుచ్చుకోవడం అన్ని వీధులలో ఒకేసారి మొదలుకాలేదు.

పిండిని నూనెలో వేయించి నిలవ చేయడం దక్కను పీఠభూమికి పాత విద్య. ఈ ప్రాంతాన్ని తమ ఏలుబడిలో ఉంచుకున్న కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో అన్నభోగ ప్రకరణం అలాంటి వేపుడు వంటకాలను వర్ణిస్తుంది. అప్పటి కారం మిరియాలది. ఎండు మిరపకాయ అమెరికా ఖండాల నుంచి 1498 తరువాత పోర్చుగీసు ఓడల వెంట వచ్చింది. నూనె నువ్వులది, నల్లరేగడి నేలలలో కుసుమలది. దక్షిణ అమెరికాలో పుట్టిన వేరుశనగ మద్రాసు రాష్ట్రపు తూర్పు జిల్లాలలో ముందు విస్తరించి, 20వ శతాబ్దంలో రాయలసీమ ఎర్రనేలలను ఆక్రమించాక, ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్లు ఆ పంటకు పేరుబడ్డాయి. నూనె మిల్లులు వెలిశాయి. వానకాలపు వేరుశనగ అక్టోబరు, నవంబరులలో పీకుతారు కాబట్టి డిసెంబరు నాటికి ఇంట్లో కాయ, అంగడిలో కొత్త నూనె ఉంటాయి. గాలిలో తేమ తక్కువగా ఉండే ఆ నెలలో వేయించినవి మెత్తబడవు. పండుగ తేదీకి ఈ ప్రాంతపు పంటల లెక్క ఇంత చక్కగా కుదరడం యాదృచ్ఛికమే, కానీ వంట దాని మీదే నిలబడింది.

కన్నడ సరిహద్దు ప్రభావంతో నిప్పట్లని, మిగిలిన చోట్ల చెక్కలని పిలిచే వంటకంలో ఈ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ పప్పు, కారం, కరివేపాకు, వేడి నూనె కలిపి, గట్టిగా తడిపి, నూనె రాసిన కాగితం మీద అరచేతితో పలచగా ఒత్తుతారు. పూరీలా ఉబ్బితే లోపల పచ్చిదనం మిగులుతుంది గనుక అక్కడక్కడ పొడుస్తారు. సన్న మంట మీద, మూకుడులో నురుగు అణిగేదాకా వేయించాలి. ఆ నురుగు పిండిలోని నీరు ఆవిరై పోతున్న గుర్తు, అది ఆగితే తేమ దాదాపు పోయినట్టే. తేమ లేనిచోట బూజు పట్టదు. పూర్తిగా చల్లారకముందే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే మాత్రం ఆ ఆవిరే అన్నింటినీ మెత్తబరుస్తుంది. కర్జికాయలలో పచ్చి కొబ్బరి మాని, ఎండు కొబ్బరి తురుము, వేయించిన పుట్నాల పొడి, బెల్లం నింపడానికీ కారణం ఇదే.

గులాబీ పూలు మాత్రం పరాయి పుట్టుక గలవి. పువ్వు ఆకారపు లోహపు అచ్చును కాగిన నూనెలో వేడిచేసి, పిండి జారులో ముంచి, మళ్లీ నూనెలో పెట్టి వదిలించే ఈ పద్ధతి ఉత్తర ఐరోపాలోనూ, స్పెయిన్, పోర్చుగల్ దేశాలలోనూ పాతది. నార్వే, స్వీడన్‌లలో దానిది క్రిస్మస్ పంక్తిలోనే స్థానం. కేరళ క్రైస్తవుల అచ్చప్పం, శ్రీలంకలో నూతన సంవత్సరానికి చేసే కొకిస్ ఈ కుటుంబానివే. కొకిస్‌ను డచ్చివారు తెచ్చారని అక్కడివారి నమ్మకం. ఓడరేవులు లేని కర్నూలు పడమటి పల్లెకు ఈ అచ్చు చేరిన దారి పాత్రల అంగడి, వియ్యంకుల ఇల్లు తప్ప మరొకటి అయ్యే అవకాశం తక్కువ. పనిలో మెళకువ ఒక్కటే: అచ్చును మూడు వంతులే ముంచాలి, పిండి పైఅంచు దాటితే పువ్వు అచ్చును వదలదు. బియ్యప్పిండి, మైదా, కొబ్బరిపాలు, చక్కెర, నువ్వులతో పాటు గుడ్డు కలపడం మామూలు. గుడ్డు తినని పొరుగువారి కోసం ఒక వాయి ముందే విడిగా తీస్తారు.

కేకు చరిత్ర అందరికీ తెలిసినదే: 1883లో తలశ్శేరిలో మాంబళ్లి బాపు చేసినదాన్ని భారతదేశపు తొలి క్రిస్మస్ కేకుగా చెబుతారు. చిన్న పట్టణాలలో అది బేకరీ సరుకు, ఇంటి పొయ్యి సరుకు కాదు.

ఇంత ముందుగా వండడానికి కారణం పండుగ నడిచే తీరులో ఉంది. తెలుగు సంఘాలు డిసెంబరు తొలి వారాల నుంచే సెమీ క్రిస్మస్ పేరిట కూడికలు జరుపుతాయి. రాత్రివేళ క్యారల్స్ పాడుతూ యువకులు ఇల్లిల్లూ తిరుగుతారు. 24 రాత్రి, 25 ఉదయం ఇంటి ఆడవారు ఆరాధనలో ఉంటారు. వచ్చేవారి సంఖ్య ముందు తెలియని ఇంట్లో అప్పటికప్పుడు వండి పెట్టడం అసాధ్యం. వీధిలో నలుగురైదుగురు స్త్రీలు ఒక మూకుడు చుట్టూ చేరి, ఒకరోజు ఒకరింట, మరునాడు మరొకరింట చేసుకోవడం ఈ అవసరం పుట్టించిన ఏర్పాటే.

స్టార్టర్ అనే మాటతో నేడు పిలిచేది ఈ పళ్లెం పక్కన ఇటీవల చేరింది. చెన్నైలోని బుహారీ హోటలు పేరుతో, 1965తో ముడిపెట్టి చెప్పే చికెన్ 65 పెళ్లి విందుల మీదుగా ఇంటి క్రిస్మస్‌కు వచ్చింది. దాన్నీ ముందుపనికి లొంగదీశారు: కోడి ముక్కలకు పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి 24 రాత్రి ఆరాధనకు వెళ్లే ముందే ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు బిర్యానీ దమ్ మీద ఉండగా వేయిస్తారు. ఆ రోజు వాడేది చాలాచోట్ల నిప్పట్లు వేయించిన నూనె కాదు, కొత్త నూనె.