మారిషసు ద్వీపమున ఆంధ్రుల పెరటితోఁట

దేశాంతరగతులైన మనవారి చరిత్రమును వ్రాయఁబూనినవారు సాధారణముగా ఓడల పట్టికలను, ఒప్పందపత్రములను, ప్రభుత్వ నివేదికలను పరిశోధింతురు. అవి యావశ్యకములే. కాని యొక కుటుంబము పరదేశమున గుడిసె వేసికొని, దాని వెనుక నాలుగు పాదులు త్రవ్వి, ఇది మన యిల్లని తలంచిన దినము ఏ పట్టికలోను ఎక్కలేదు. ఆ దినమునకు సాక్ష్య మెచ్చట దొరకును? పెరటిలోని కూరగాయల పేళ్లలో దొరకునేమో యని విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

హిందూమహాసముద్రమునందలి మారిషసు ద్వీపమును 1810 లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి జయించిరి. 1835 లో అచ్చట బానిసత్వము రద్దు కాఁగా చెఱకుతోఁటలకుఁ గూలీలు కావలసివచ్చిరి. 1834 మొదలుకొని యిరువదవ శతాబ్దారంభము దాఁక సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నా ద్వీపమున దిగిరి. ఆ కాలముననే తెలుగుసీమలో గొప్ప యాపదలు సంభవించినవి. 1832-33 నాఁటి నందన కఱవు గుంటూరు మండలమును పాడుచేసెను. 1839 లో పెనుతుపాను కోరంగి రేవును ముంచెను. ఆ రేవు పేరే ద్వీపమునందలి మనవారికి "కోరింగీలు" అను వ్యవహారమును దెచ్చిపెట్టినది. భాషను బట్టి కాక రేవును బట్టి వారికిఁ బేరు కలిగెను.

ఒప్పందము సామాన్యముగా అయిదు సంవత్సరములు. మగవానికి నెలకు 5 రూపాయల జీతమును, బియ్యము, పప్పు, నూనె, ఉప్పును ఇచ్చుట యేర్పాటు. ఒక దినము పని మానిన రెండు దినముల కూలి తగ్గించెడివారు. నివాసము తోఁటదొరల భూమిమీఁది గుడిసెల బారులలో. అచ్చటి నేల తమది కాదు. గడువు తీఱినవారిలోఁ గొందఱు కూరగాయలు పండించి అమ్ముకొని స్వతంత్రముగా బ్రదుకఁ జూచిరి. కాని 1867 నాఁటి శాసనము వారి నడ్డగించెను. గడువు తీఱిన కూలీ తన ఛాయాచిత్రము గల చీటిని వెంట నుంచుకొనవలెను. అది లేనివాఁడు దేశద్రిమ్మరిగా నెన్నఁబడి చెఱసాల పాలగును. కాఁబట్టి గంప నెత్తుకొని అంగడికిఁ బోవు తోఁటమాలికిని దారిలో భయము తప్పదయ్యెను. 1871 లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను ఐరోపీయుఁడు 9,401 మంది పాతకూలీల పక్షమున విన్నపము వ్రాయించి సమర్పించెను. దాని ఫలముగా 1872 లో రాజనియుక్తమైన విచారణసంఘ మేర్పడెను. 1880 ప్రాంతమునుండి తోఁటదొరలు సారము తక్కువైన భూములను ముక్కలు చేసి విక్రయింపఁగా, భారతీయులు కూడఁబెట్టిన సొమ్ముతో వానిని కొని గ్రామములు కట్టుకొనిరి. పెరడు తమదని యనుకొను భాగ్యము పలువురకు అప్పుడే కలిగెను.

ఇఁక పెరటిలోనికిఁ బోవుదము. ద్వీపమున జనులు మాటలాడు క్రెయోలు భాష ఫ్రెంచి మూలముగాఁ బుట్టినది. దానిలోఁ గొత్తిమిరికి "కొతొమిలి", మునగాకునకు "బ్రెద్ మురూం", కరివేపాకునకు "కారీపూలే", బీరకాయకు "పిపంగాయ్" అని పేళ్లు. ఈ పదములను మొదట వినినపుడు నాకుఁ గలిగిన సంతోష మింతింత కాదు. మన పెరటిమాటలే సముద్రము దాఁటి పరభాషలో వేరూనినవని యభిమానముతో నిశ్చయించుకొంటిని. శబ్దములను వర్ణక్రమముగాఁ బరీక్షించినకొలఁది ఆ నిశ్చయము సడలిపోయినది.

కొత్తిమిరి సంస్కృతమున "కుస్తుంబురు". ఆ రూపసిద్ధికై పాణిని ప్రత్యేకసూత్రమునే రచించెను. తెలుఁగుమాట చివర రేఫమున్నది. తమిళమున "కొత్తమల్లి" యని లకారము. క్రెయోలు రూపము లకారమునే గ్రహించినది. మనము మునగ యనియు, ములఁగ యనియు అందుము. తమిళులు రేఫముతో "మురుంగై" యందురు. "మురూం" అనుటలో ఆ రేఫమే నిలిచినది. మన కరివేపాకు చివర "ఆకు" గలదు. తమిళమున "ఇలై" యను పదము గలదు. "కారీపూలే" యందలి కడపటి లేకారము ఆ "ఇలై"కి వికారమే. బీరకాయలో ఆదివర్ణము బకారము, నడుమ ననుస్వారము లేదు. తమిళపు "పీర్క్కంగాయ్"లో రెండును "పిపంగాయ్"కి సరిపోవునట్లున్నవి. నలుగురు సాక్షులును ఏకవాక్యతతోఁ దమిళమునే చెప్పుచున్నారు.

దీనికిఁ గారణము చరిత్రమున నున్నది. లాబుర్దొనే 1735 లో అచ్చటి పరిపాలకుఁడైన కాలముననే పుదుచ్చేరినుండి పనివాండ్రు తేఁబడిరి. మనవారు గుంపులుగా వచ్చుటకు నూఱేండ్లు ముందే క్రెయోలు భాష కుదురుకొన్నది. కూరగాయలకుఁ బేళ్లును అప్పటికే యేర్పడియుండవచ్చును. తరువాత వచ్చిన మనవారు అంగడిలోఁ జెల్లుమాటనే పలుకవలసినవారైరి.

అట్లైన నా ద్వీపమున ఆంధ్రుల తోఁటలు లేవా? అట్లు సిద్ధాంతీకరించుట మొదటి పొరపాటునకు మాఱుగా రెండవ పొరపాటు. పేరు ముందు వచ్చినవానిని జెప్పునే కాని, పాదునకు నీరు పోసినవానిని జెప్పదు. మనవారి సంతతి నేఁటికిని అచ్చట సింహాద్రి అప్పన్నను గొలుచుచున్నది. ఉగాది యా దేశమున సెలవుదినము. భక్తి నిలిపినవారు వంటను, పెరటిని విడిచిరనుట యుక్తము కాదు. అంగడిలో "పిపంగాయ్" అనిన తల్లి యింటిలోపల బిడ్డతో బీరకాయ యని యుండవచ్చును.

ఆ యింటిమాటను వెదకుటయే యిఁక మిగిలిన పని. మారిషసు తెలుఁగు కుటుంబములలో వృద్ధు లున్నంతలోనే, వారు పెరటిలోని ప్రతి మొక్కను ఏమని పిలుతురో అడిగి, ఉచ్చారణ చెడకుండ వ్రాసికొనవలెను. తెలుఁగుమాట దొరకినచో దానిని సగౌరవముగా స్వీకరింతము. దొరకనిచోఁ దమిళపదమును మనదని చెప్పుకొనక, ఉన్నదున్నట్లు వ్రాయుదము. పరుల పేళ్లతోనైనను తమ చేతులతో పెంచినవారి శ్రమకు అది యేమాత్రమును లోటు కాదు.