ఆళ్వారుస్వామి, ఆయన చుట్టు మనుషులు

మంటకు జర దగ్గరికి జరుగుండ్రి, చలి ముదిరింది. ఇందాక మనుమరాలు అడిగింది, "తాతా, ఎనుకట పుస్తకాలు రాసినోళ్లందరు పంతుళ్ల పిల్లలేనా?" అని. కాదు బిడ్డా. ఆ ముచ్చటే చెప్త, ఇనుండ్రి.

నిజాం జమానల తెలంగాణకు కవులే లేరని ఒక మాట పుట్టింది. గోలకొండ పత్రిక నడిపే సురవరం ప్రతాపరెడ్డి గారికి ఆ మాట రోషం తెప్పిచ్చింది. ఎవరితోనో కొట్లాట పెట్టుకోలె ఆయన. ఊరూరి కవుల పద్యాలు తెప్పిచ్చి, 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. 354 మంది కవులు! లేరన్నోళ్ల నోరు అట్ల మూతపడ్డది.

అదే గోలకొండ పత్రికల ప్రూఫులు దిద్దిన పిలగాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915ల నల్లగొండ జిల్లా చెరువుమాధవరంల పుట్టిండు. తండ్రి చిన్నప్పుడే పోయిండు. ఇంట్ల గడుస్తలేదు, బడికి పోయే రాత లేదు. ఒక పంతులు గారింట్ల వండిపెట్టుకుంట సదువు నేర్చుకున్నడు. బెజవాడల హోటల్ల సర్వరు పని చేసిండు. ఇగ అట్లాంటి మనిషి 1938ల దేశోద్ధారక గ్రంథమాల అని పెట్టి పుస్తకాలు అచ్చేయవట్టిండు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారికి జనం ఇచ్చిన బిరుదు పేరే దానికి పెట్టిండు. అచ్చేసి కూసోలె. మా నాయన కాలంల ఊర్లల్ల పుస్తకాల దుకాణమే లేకుండె. ఆళ్వారుస్వామి ఆ పుస్తకాలు మోసుకొని ఊరూర తిరిగి అమ్మిండు. ఒకరింట్ల వంట చేసినోనికి ఆకలి తెలుస్తది, దొర గడీ ముంగట జనం ఎట్ల నిలవడుతరో తెలుస్తది. ఆయన 'ప్రజల మనిషి' నవలల దిమ్మెగూడెం ఊరు కండ్లకు కట్టినట్టు ఉంటది అంటే అందుకే.

ఆయన దోస్తులు ఎవరనుకున్నరు? దాశరథి కృష్ణమాచార్య. సంస్కృతం సదివిన పండితుల ఇల్లు వాళ్లది, ఉర్దూ గజళ్లు కూడ ఆయనకు నోట్లనే ఉండె. కాళోజీ ఉన్నడు. వాళ్ల నాయనది మరాఠి, అమ్మది కన్నడం, ఆయన పుట్టింది బీజాపూర్ దిక్కు రట్టిహళ్లిల. పెరిగింది మాత్రం మన ఓరుగల్లు పక్కన మడికొండల. కవిత్వం రాసింది మన యాసల. నర్సాపురం ఆడబిడ్డ ఇల్లిందల సరస్వతీదేవి పెండ్లయి హైదరాబాదుకొచ్చి కథలు రాసింది. ఇంకో దిక్కు కమ్యూనిస్టులల్ల అందోలుల పుట్టి తండ్రిలేక పెరిగిన ఉర్దూ కవి మఖ్దూం, డాక్టరీ సదివిన రాజ్ బహదూర్ గౌర్, భూములున్న ఇంటికెల్లి వచ్చిన రావి నారాయణరెడ్డి. ఒకరిది ఒక భాష, ఒకరిది ఒక కులం, ఒకరికి ఎకరాలకెకరాలు, ఒకరికి పూట గడవది.

వంటపని చేసినాయన, పండితుని కొడుకు ఒక్క తాన ఎట్ల కూసున్నరో చూడాలంటే ఇందూరు జైలుకే పోవాలె. 1948ల ఇద్దరు ఆ జైల్ల ఉన్నరు. కాయితం లేదు, కలం లేదు. పండ్లు తోముకోనిచ్చిన బొగ్గు ఉండె. ఆ బొగ్గుతోని నిజాం మీద దాశరథి పద్యం గోడకెక్కింది. మరి జైలోళ్లు ఊకుంటరా? కోపం చేసిండ్రు. ఆ పద్యం మాత్రం గోడ దాటి జనంలకు పోయింది. ఎనుకకెల్లి దాశరథి తన 'అగ్నిధార' ఆళ్వారుస్వామికే అంకితమిచ్చిండు. ఎనుకట కవులు రాజులకు, జమీందార్లకు అంకితమిచ్చెటోళ్లు. ఈయన హోటల్ల సర్వరు పని చేసిన మనిషికిచ్చిండు. నాకు మా గొప్పగనిపిస్తది ఆ ముచ్చట.

అయితే ఒకటి దాచొద్దు. ఆ కాలంల అందరికి ఒక్క తీరుగ పీట వెయ్యలె. 1930ల జోగిపేటల నిజాం రాజ్యంల తెలుగోళ్ల మొదటి ఆంధ్ర మహాసభ అయింది, ప్రతాపరెడ్డి గారే అధ్యక్షుడు. ఆ సభకు భాగ్యరెడ్డి వర్మ వస్తే కొందరు పెద్ద కులపోళ్లు అడ్డం మాట్లాడిండ్రు. అది తలుసుకుంటె ఇప్పటికి మనసు కలుక్కుమంటది. ఆయన ఏం తక్కువోడా? హైదరాబాదుల దళితుల పిల్లలకు బడులు పెట్టిచ్చిన మనిషి. పీట వెయ్యకపోతేంది, తన పత్రిక తనే పెట్టుకున్నడు. 'భాగ్యనగర్' దాని పేరు. అండ్లనే 'వెట్టి మాదిగ' కథ రాసిండు. వెట్టి బతుకు ఎట్లుంటదో ఆ వాడకెల్లి వచ్చినోడు రాస్తే ఒక తీరుంటది, దయతోని చూసినోడు రాస్తే ఒక తీరుంటది. సభల ఆయనను ఆపజూసినోళ్లు ఏం పోగొట్టుకున్నరో వాళ్లకు తెలిసిందో లేదో.

ఆళ్వారుస్వామి 1961ల పోయిండు. యాభై ఏండ్లు కూడ నిండలె.

పిల్లలూ, సంక్రాంతి సెలవులున్నయి కద. 'వెట్టి మాదిగ' చిన్నది, మొదలు అది సదువుండ్రి. ఆ వెంబడే 'ప్రజల మనిషి' పట్టుండ్రి. సదివినంక వచ్చి, మన ఊర్ల ఎవ్వలి ముచ్చట ఇంకా ఎవ్వరు రాయలేదో నాకు చెప్పుండ్రి.