ఎడబాటుకు లెక్క కట్టిన మదనపల్లె

మార్చి 24 అనగానే రెండు సంగతులు స్ఫురించును. 1882లో ఆ నాడే బెర్లిను నగరమున రాబర్ట్ కోఖ్ క్షయకారకమైన సూక్ష్మజీవిని లోకమునకు ప్రకటించెను. 2020లో ఆ రాత్రియే కోవిడ్ మూలమున దేశమెల్ల ఇంటిపట్టున నుండవలెనని ప్రధానమంత్రి ఆదేశించెను. మనిషికి మనిషి ఎడముగా మెలగినచో వ్యాధి ఎంత తగ్గునను ప్రశ్న ఈ రెంటిని కలుపుచున్నది. దానికి అంకెలు వెదకిన తావులలో మన మదనపల్లె యొకటి.

పుంగనూరు సుగుటూరు గంగమ్మకును, కుప్పము ప్రసన్న తిరుపతి గంగమ్మకును మ్రొక్కుకొనుచు, అమ్మవారు పోసిన యింటి గుమ్మమున వేపమండలు కట్టి పరాయివారిని లోనికి రానీయని మన పెద్దలకు ఎడము విలువ తెలియును. ఎంత యెడము, ఎన్నాళ్లు అను లెక్క మాత్రము శతాబ్దములపాటు ఎవ్వరును కట్టలేదు.

1912లో మదనపల్లెలో మొదలై, 1915లో ఊరి వెలుపలనున్న ఆరోగ్యవరమునకు తరలిన యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయమునకు డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ తొలి అధిపతి. క్షయకు మందులేని ఆ దినములలో కొండగాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, వీనినే నమ్ముకొని, రోగి వసారాలో మంచముపై పరుండి, మూతగల ఉమ్మిగిన్నెను ప్రక్కన నుంచుకొని, నెలల తరబడి ఆలుబిడ్డలకు దూరముగా కాలము గడిపెడివాడు. ఇంతకంటె నాకు ప్రీతిపాత్రమైనది తరువాతి ఘట్టము. 1950 మొదలు 1955 వరకు, అదే యింటిపేరుగల యోహానెస్ ఫ్రిమోట్-మొల్లర్ నాయకత్వమున, ఈ ప్రాంతపు పల్లెలలో ఇల్లిల్లు తిరిగి జనమును లెక్కించిరి. ముంజేతి చర్మములో ట్యూబర్క్యులిన్ సూదిమందు వేసి, కొన్నాళ్లకు మరల వచ్చి, ఉబ్బిన గట్టిదనమును వ్రేలితో తడవి చూచి, దాని వెడల్పును మిల్లీమీటర్లలో వ్రాసికొనిరి. రొమ్ముకు ఎక్స్‌రే తీసిరి. అనుమానమున్నచోట కళ్లె పరీక్షించిరి. రోగులను మాత్రమే గాక ఊరినంతటిని కొలుచుట యనిన నిట్టిది.

ఇట్టి అంకెలు లేనిచో వ్యాధివ్యాప్తిని లెక్కకట్టు సమీకరణములు ఒట్టి అస్థిపంజరములు. మన దేశమున కసౌలిలో పనిచేసిన వైద్యుడు మెకెండ్రిక్, సహపరిశోధకుడు కెర్మాక్‌తో కూడి 1927లో ప్రకటించిన సిద్ధాంతము జనమును మూడు పాళ్లు చేయును: సోకదగినవారు, సోకినవారు, సోకుడునుండి తొలగినవారు. ఒకరినుండి ముగ్గురికి సోకు వ్యాధియైనచో, సాంగత్యము మూడింట రెండు వంతులకు మించి తగ్గిననాడు ఉపద్రవము అణగును. కాని ఎడము ఎంత యన్నది చాలదు, ఎప్పుడన్నది ముఖ్యము. మదరాసులో క్షయరోగులను ఇంటనే యుంచి మందిచ్చిన పరిశోధన 1959లో వెల్లడియైన పిమ్మట, చికిత్సాలయమునకు పంపిన రోగుల ఇంటివారికంటె వీరి యింటివారికి హాని మిక్కుటము కాలేదని తేలినది. సోకవలసినది చాలవరకు రోగము బయటపడకమునుపే సోకియుండెను.

ఇంతవరకు సాఫీగా నడచిన కథ 2020లో చిక్కుపడినది. టమోటా కుళ్లకమునుపే మార్కెట్టుకు చేర్చవలసిన మదనపల్లె రైతు తన సాంగత్యమును మూడవవంతుకు దించుకొనుట ఎట్లు? హైదరాబాదు ఐఐటీ ఆచార్యులు మాతుకుమల్లి విద్యాసాగర్ అధ్యక్షత వహించిన జాతీయ సమితి, జాగ్రత్తలు సడలనిచో 2021 ఫిబ్రవరి నాటికి మహమ్మారి అణగునని 2020 అక్టోబరులో అంచనా కట్టెను. ఆ 2021 ఏప్రిల్, మే నెలలలోనే డెల్టా రూపాంతరము విజృంభించి సోకుడు వేగమే మారగా, ఒకరినుండి ఎందరికను మొదటి అంకెనే మరల కొలువవలసి వచ్చెను.