పికప్ ట్రక్కు ఎత్తు పెరిగిన కథ: ముందు టైరు, తర్వాతే లిఫ్ట్

1981లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, ఒక పొలంలో రెండు తుక్కు కార్లు పక్కపక్కన పెట్టారు. నీలం రంగు ఫోర్డ్ ఎఫ్-250 ఒకటి వాటి మీదికి ఎక్కి, అప్పడాల్లా నలిపేసి అవతలికి దిగింది. ఆ బండి పేరు బిగ్‌ఫుట్, ఓనర్ బాబ్ చాండ్లర్. ఆ వీడియోని ఆయన తన షాపులో ప్రచారం కోసం వేసుకున్నాడు. అది చూసి షోలు పెట్టేవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. మాన్‌స్టర్ ట్రక్ అనే ఆట అలా మొదలైంది.

ఇవాళ డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో రోడ్డు మీద నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాలు లేపిన పికప్‌లు కనిపిస్తాయి కదా, వాటి వెనకాల ఈ కథ ఉంది. కానీ కథ బిగ్‌ఫుట్‌తో మొదలవ్వలేదు. ఇంకా వెనక్కి వెళ్లాలి.

మొదట్లో పికప్ ఎత్తుగా ఉండటం షోకు కాదు, అవసరం. ముందు చక్రాలకు కూడా ఇంజిన్ బలం అందాలంటే ముందు కూడా ఒక డిఫరెన్షియల్, మధ్యలో ఒక ట్రాన్స్‌ఫర్ కేస్ కావాలి. వాటికి చోటు కావాలంటే బండి పైకి లేవాలి. 1935 నుంచే ఇండియానాపొలిస్‌లోని మార్మన్-హెరింగ్టన్ అనే కంపెనీ మామూలు ఫోర్డ్ ట్రక్కులను ఫోర్-వీల్ డ్రైవ్‌గా మార్చి ఇచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి ట్రక్కులు చేసిన డాడ్జ్, యుద్ధం అయిపోగానే 1946లో అదే ఎముకల గూటికి పౌరుల చొక్కా తొడిగి పవర్ వాగన్ అని అమ్మింది. 1950లలో మినియాపొలిస్ నుంచి నాప్కో కిట్లు వచ్చాయి. షెవర్లే, జీఎంసీ ట్రక్కులకు బిగించుకునే ఫోర్-వీల్ డ్రైవ్ సెట్టు అన్నమాట. 1957కల్లా అది ఫ్యాక్టరీ ఆప్షన్ కూడా అయింది. 1967 నుంచి 1977 దాకా వచ్చిన ఫోర్-వీల్ డ్రైవ్ ఎఫ్-250ని జనం 'హైబాయ్' అని పిలిచారు. ఆ పేరు కంపెనీ పెట్టింది కాదు. ఫ్యాక్టరీ నుంచే అంత ఎత్తుగా వచ్చేది మరి.

ఇక టైరు సంగతి. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే అసలు మలుపు ఇక్కడే ఉంది.

యుద్ధకాలం ట్రక్కు టైర్లు పొడవుగా, సన్నగా ఉండేవి. పవర్ వాగన్‌కి 9.00-16 సైజు. బురదని కోసుకుని కింద గట్టి నేలను అందుకోవడానికి అవి బాగుంటాయి. ఎడారి ఇసుకలో మాత్రం కూరుకుపోతాయి, ఎందుకంటే కింద గట్టి నేలే లేదు. 1960ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో డిక్ సెపెక్ అనే ఎడారి పిచ్చోడు ఇసుక మీద తేలే వెడల్పాటి టైర్లు అమ్మడం మొదలుపెట్టాడు. వాటికి 'ఫ్లోటేషన్' టైర్లని పేరు. 1967లో టిహువానా నుంచి లా పాజ్ దాకా బాహా రేసు మొదలయ్యాక వీటికి గిరాకీ ఇంకా పెరిగింది. ఈరోజుకీ టైరు మీద 35×12.50R17 అని కనిపిస్తే అది ఆ ఫ్లోటేషన్ లెక్కే. ఎత్తు 35 అంగుళాలు, వెడల్పు పన్నెండున్నర, రిమ్ 17.

ఇంత లావు టైరు వేస్తే ఏమవుతుంది? స్టీరింగ్ తిప్పగానే ఫెండర్‌కి రాసుకుంటుంది. కాబట్టి కమాను పట్టీలు మార్చో, వెనక కమాన్ల కింద దిమ్మలు పెట్టో బండిని పైకి లేపారు. అదీ లిఫ్ట్ అంటే. టైరుకు చోటివ్వడానికి చేసిన పని.

ఒక విషయం చాలామందికి తెలీదు. ముందూ వెనకా గట్టి ఇరుసు ఉండే ఫోర్డ్ సూపర్ డ్యూటీ, రామ్ 2500 లాంటి ట్రక్కుల్లో, మీరు ఎనిమిది అంగుళాల లిఫ్ట్ పెట్టినా డిఫరెన్షియల్ కింద ఖాళీ ఒక్క అంగుళం కూడా పెరగదు. ఇరుసు చక్రంతో పాటే ఉంటుంది, పైకి లేచేది దాని మీది బాడీయే. రాయి తగిలేది ఇరుసుకి కదా! ఆ ఇరుసును లేపగలిగేది టైరు ఒక్కటే, అది కూడా పెరిగిన ఎత్తులో సగం. 33 తీసి 37 వేస్తే నాలుగు అంగుళాలు పెద్దది, ఇరుసు లేచేది రెండు. అందుకే "ఎంత లిఫ్ట్ పెట్టాలి" అనేది తప్పు ప్రశ్న అని నేనంటాను. ఏ టైరు కావాలి అన్నది ముందు తేల్చాలి, లిఫ్ట్ దాన్ని బట్టి వస్తుంది.

మళ్లీ చాండ్లర్ దగ్గరికి వద్దాం. ఆయన నిర్మాణ పనులు చేసుకునే మనిషి. 1974 మోడల్ ఎఫ్-250 కొన్నాడు. బండిని బండిలా నడపడు, ఏదో ఒకటి విరగ్గొట్టేవాడు. ఆ చుట్టుపక్కల ఫోర్-వీల్ డ్రైవ్ సామాన్లు దొరక్కపోవడంతో సెయింట్ లూయిస్ దగ్గర తనే షాపు పెట్టాడు. యాక్సిలరేటర్ మీద ఆయన కాలి బరువు చూసి షాపు మేనేజర్ 'బిగ్‌ఫుట్' అని ఎగతాళి చేస్తే, అదే బండి పేరైంది. పెద్ద టైరు వేస్తే ఇరుసు విరిగింది. సైనిక వాహనాల నుంచి బలమైన ఇరుసులు తెచ్చాడు. ఇరుసు ఓర్చుకుంటోంది కదా అని 48 అంగుళాల టైరు వేశాడు. అది తిప్పడానికి ఇంజిన్ చాలలేదు, ఇంజిన్ మార్చాడు. 1982లో మిషిగన్‌లోని సిల్వర్‌డోమ్ స్టేడియంలో 66 అంగుళాల టైర్లతో దిగాడు. 1986లో బిగ్‌ఫుట్ 5కి ఏకంగా పదడుగుల టైర్లు! అవి సైన్యం కోసం లెటర్నో కంపెనీ 1950లలో కట్టిన నేల రైలువి.

నవ్వొస్తుంది గానీ, మీ షెడ్డులో జరిగేదీ ఇదే, చిన్న సైజులో. టైరు మారిస్తే దాని వెనకున్న ప్రతి సామానూ బిల్లు పంపుతుంది. 33 నుంచి 37కి వెళ్తే 3.55 గేర్ రేషియో 3.17లా పనిచేస్తుంది. బండి బద్ధకిస్తుంది, గేర్‌బాక్స్ వేడెక్కుతుంది. స్పీడోమీటర్ సరిచేయకపోతే అది 60 చూపిస్తున్నప్పుడు మీరు 67లో ఉంటారు.

డల్లాస్‌లో మా బాబాయి కొడుకు వాడిన ఎఫ్-250 కొన్నాడు. సెలవుల్లో పిల్లల్ని, మా పిన్నిని ఎక్కించుకుని క్యాంపింగ్ ట్రైలర్ లాక్కెళ్తాడు. "అన్నా, 35 వేస్తే పెద్ద టైరు కదా, బరువు ఇంకా బాగా మోస్తుంది కదా?" అన్నాడు. సైడ్‌వాల్ మీద నంబర్ చదవమన్నాను. అతని పాత టైరు 275/70R18, లోడ్ ఇండెక్స్ 125. అంటే ఒక్కో టైరు 1650 కిలోలు. కొనబోయే 35×12.50R17 మీద 121 ఉంది. అంటే 1450. వెనక రెండు టైర్ల మీద కలిపి 400 కిలోలు తగ్గింది, ట్రైలర్ బరువు పడేది సరిగ్గా అక్కడే. చూపుకి పెద్దది, మోయడానికి చిన్నది.

ఇది చాదస్తం కాదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకు వేసినవి. పరుగులో ట్రెడ్ ఊడిపోయి బండ్లు బోల్తాపడి 250 మందికి పైగా చనిపోయారు. టైరులో లోపం ఉంది. దానికి తోడు గాలి తక్కువ, వేడి, బరువు. గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద వెలిగే లైటు ఉంది చూశారా, అది ఆ తర్వాత వచ్చిన చట్టం పుణ్యమే.

మా వాడికి నేను చెప్పింది: 35 వేసుకో, కానీ లోడ్ నంబర్ పాతదానికి తగ్గకుండా చూడు. దానికి సరిపడా రెండు, రెండున్నర అంగుళాల లిఫ్ట్ చాలు, ట్రాక్ బార్ సరిచేయించు. ముందు భాగాన్ని వెనకతో పూర్తిగా సమం చేయొద్దు. ఫ్యాక్టరీ వెనక కాస్త ఎత్తు వదిలేది ట్రైలర్ తగిలించాక సమం అవ్వాలనే. ఆ ఎత్తు తీసేస్తే ముక్కు పైకి లేస్తుంది, లైట్లు ఎదురొచ్చేవాడి కళ్లలో పడతాయి. ఆరంగుళాలు వద్దనడానికి ఇంకో కారణం, పిన్ని ఎక్కాలంటే స్టూల్ వేయాలి.

ఆ ముక్కు పైకెత్తే ఫ్యాషన్‌నే కావాలని చేసేవాళ్లున్నారు, 'కరోలినా స్క్వాట్' అంటారు. ముందు ఫెండర్ వెనకదానికంటే నాలుగంగుళాలు లేదా అంతకన్నా ఎత్తుంటే కుదరదని నార్త్ కరోలినా 2021లో నిషేధించింది, 2023లో సౌత్ కరోలినా కూడా నిషేధం తెచ్చింది. బానెట్ వెనక నుంచి డ్రైవర్‌కి రోడ్డు కనపడదు, అడ్డొచ్చిన చిన్నపిల్లాడు అసలే కనపడడు. లిఫ్ట్ లేని బండ్ల సంగతే చూడండి. 2023లో అమెరికా హైవే సేఫ్టీ ఇన్సూరెన్స్ సంస్థ లెక్క ప్రకారం, బానెట్ 40 అంగుళాలు దాటిన బండి నడిచేవాళ్లను గుద్దితే ప్రాణం పోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఉండి వాలుగా ఉన్న బండి కంటే దాదాపు 45 శాతం ఎక్కువ. దాని మీద ఇంకో ఆరంగుళాలు ఎందుకు?

మన దగ్గర సంగతి ఏంటంటే, ఇసుజు వీ-క్రాస్ తయారయ్యేది మన శ్రీసిటీలోనే. కొన్నవాళ్లలో చాలామందికి దాన్నీ లేపాలని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇక్కడ లిఫ్ట్ కిట్ వీడియో చూసి ఆర్డర్ పెట్టేముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.