బోదెలో నాచు, కణంలో కదలిక

కార్తీక మాసం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువెక్కిన గోదావరి నీళ్లు మీ కాళ్ల ముందు పంట బోదెలో మెల్లగా పారుతున్నాయి. గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టారు. చేతికి నాచు తీగ తగిలింది. వృక్షశాస్త్రం దీన్ని హైడ్రిల్లా అంటుంది. కణుపు కణుపుకీ చుట్టూ సన్నటి ఆకులు. తీగ తెంపి, ఆ బోదె నీళ్లతోనే సీసాలో వేసుకుని రాజమండ్రిలో ఓ కాలేజీ బోటనీ ల్యాబుకి వచ్చారు.

కొస దగ్గర లేత ఆకు ఒకటి తుంచండి. స్లైడు మీద నీటిచుక్క వేసి, ఆకుని అందులో పరవండి. కవర్ స్లిప్పుని ఏటవాలుగా ఆనించి నెమ్మదిగా వదలండి. గబుక్కున పడేస్తే గాలిబుడగ చిక్కుతుంది. నల్లటి అంచుతో గుండ్రంగా కనబడే ఆ బుడగనే కొత్తవాళ్లు కణం అనుకుంటారు.

మైక్రోస్కోపు కింది అద్దాన్ని కిటికీ వైపు తిప్పండి, సూర్యుడి వైపు మాత్రం వద్దు. పక్కనుంచి చూస్తూ చిన్న లెన్సుని స్లైడు దగ్గరకి దించండి. కన్ను ఐపీస్‌కి ఆనించాక ఇక పైకే తిప్పాలి. కిందికి తిప్పితే స్లిప్పు పగులుతుంది, లెన్సు గీరుకుపోతుంది.

మసక విడిపోయింది. పది రెట్ల ఐపీస్, పది రెట్ల లెన్సు: వంద రెట్లు పెద్దదైన ఆకు. ఇటుకలు పేర్చినట్టు వరుసగా కణాలు. ఈ ఆకు మందం రెండే పొరలు. అందుకే కత్తితో కొయ్యకుండానే వెలుగు దీని గుండా వస్తుంది. ఇప్పుడు నలభై రెట్ల లెన్సు తిప్పండి. ప్రతి కణంలోనూ గోడ వెంబడి ఆకుపచ్చ గింజలు. అవి క్లోరోప్లాస్టులు. ఒక్కోటి మిల్లీమీటరులో సుమారు రెండు వందలో వంతు. నడుమ ఖాళీగా తోచేది నీటితో నిండిన రిక్తిక. అదే కణద్రవ్యాన్ని అంచులకి నెట్టింది.

కాసేపు కన్ను తియ్యకండి.

"మేడం, కదులుతున్నాయండీ!" పక్క బెంచీ అమ్మాయి కేక.

"నడిమి ఈనె దగ్గర చూడమ్మా, ఇంకా బాగా కనబడుతుంది."

మీరూ స్లైడు జరిపారు. బొమ్మ తలకిందులు కాబట్టి కుడికి జరిపితే దృశ్యం ఎడమకి పోయింది. ఈనె దొరికింది. గింజలన్నీ ఒకదాని వెనక ఒకటి గోడవారగా తిరుగుతున్నాయి, మూల రాగానే మలుపు తీసుకుంటున్నాయి. వాటంతట అవి నడవడం లేదు, కణద్రవ్యం మోసుకుపోతోంది. అందులోని ఆక్టిన్ పోగుల మీద మయోసిన్ అణువులు అడుగులేస్తూ ద్రవ్యాన్ని లాగుతున్నాయి. వేసే ప్రతి అడుగుకీ శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు.

ఆ ఏటీపీ ఈ డెల్టాకి పరాయిది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమండ్రిలో బడికి వెళ్లారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసులో. 1923లో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, నీలిరంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి 1925లో ప్రకటించారు. ఆ కొలతే దారి చూపగా 1929లో ఇద్దరూ కండరంలో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. కండరం బిగియడానికైనా, నాచు ఆకులో గింజ కదలడానికైనా కావలసిన శక్తి అదే.

ఈ సంగతి పరీక్ష కోసం బట్టీపట్టేది కాదు, కళ్లతో చూడాల్సింది. మాస్టార్లకి నా విన్నపం: బీరువాలో మైక్రోస్కోపు ఉంటే బయటికి తియ్యండి. నాచుకి డబ్బు పెట్టక్కర్లేదు, ఊరి బోదెలోనే ఉంది. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తమ కన్ను ఐపీస్‌కి ఆనించి చూసేదాకా ఆ పాఠం పూర్తయినట్టు కాదు.