ఇంటిపేరు ముందా, సొంత పేరు ముందా? పుస్తకాల జాబితా వెనకున్న చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మన సంఘం బీరువాలోని తెలుగు పుస్తకాలకు జాబితా రాయాలనే మాట వచ్చినప్పుడల్లా ‘వరసగా పేర్లు రాసేస్తే పోదా’ అని ఎవరో ఒకరు అంటారు. అలా పోదు. ఎందుకో తెలియాలంటే నూరేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పుస్తకాలు పోగుచేయడంలో తెలుగువాళ్ళం ఎవరికీ తీసిపోలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914లోనే అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో గ్రంథాలయాలకు ఒక సంఘం కూడా ఏర్పడింది. అయితే పుస్తకాలు పెరిగేకొద్దీ అసలు చిక్కు మొదలవుతుంది. ఉన్న పుస్తకం అడిగినవాడికి దొరకకపోతే అది లేనట్టే లెక్క.

అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లోనే పుస్తకాలకు అంకెలిచ్చే పద్ధతి కనిపెట్టాడు. నేటికీ చాలా గ్రంథాలయాల్లో అదే నడుస్తోంది. అందులో సాహిత్యం 800. ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి వంటి కొన్ని ఐరోపా భాషలకు తలా పది అంకెల గది ఉంది. మిగతా లోకానికంతా కలిపి 890 ఒక్కటే. తమిళం 894.811, కన్నడం 894.814, తెలుగు 894.827. మన ఊళ్ళో వినబడే మూడు భాషలూ ఒక మూలలో సర్దుకోవలసి వచ్చింది.

ఈ లోటును పట్టుకున్నవారు శియాళి రామామృత రంగనాథన్ గారు. లెక్కల మాస్టారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. మొదట్లో ఆ ఉద్యోగం ఆయనకు నచ్చలేదు. చదువుకోవడానికి లండన్ వెళ్ళాక మనసు మారింది. అక్కడ ఒక దుకాణంలో మెకానో ఆటబొమ్మ చూశారు. అవే ముక్కలు, బిగించే తీరును బట్టి ఎన్నో బొమ్మలు. పుస్తకం విషయాన్ని కూడా ముక్కలుగా విడదీసి, మళ్ళీ కలిపి అంకె ఇవ్వవచ్చు కదా అని తట్టింది. అదే 1933లో కోలన్ వర్గీకరణగా అచ్చయింది. మరుసటి ఏడాది జాబితా రాసే నియమావళి వచ్చింది. 1957లో ఆయన బెంగుళూరు చేరి, 1962లో అక్కడే శిక్షణ కేంద్రం పెట్టి, 1972లో అక్కడే కన్నుమూశారు. అంటే మనకు రైలు దూరంలోనే!

జాబితా నేర్చుకునేటప్పుడు మొదట పట్టుకునేది పేరునే. పాశ్చాత్యుల్లో చివరి మాట ఇంటిపేరు, కార్డు మీద దాన్ని ముందుకు తెస్తారు. అదే రూలు మనకు పెడితే గురజాడ అప్పారావు గారు ‘రావు’ కింద పోతారు. ఇక రావులందరూ ఒకే పెట్టెలో!

మన సీమలో ఈ చిక్కు మూడింతలు. రంగనాథన్ గారి పేరులో శియాళి ఊరు, రామామృతం తండ్రి. డి.వి.గుండప్ప గారిలో దేవనహళ్ళి ఊరు, వెంకటరమణయ్య తండ్రి. మన ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారి మోక్షగుండం ఆంధ్రలోని ఊరే, అయినా అది తరాల కిందట ఇంటిపేరైపోయింది. మాస్తి వెంకటేశ అయ్యంగార్ గారిని ఊరి పేరుతోనే ‘మాస్తి’ అంటాం. కాబట్టి ముందున్న అక్షరం ఊరా, తండ్రా, ఇంటిపేరా అని తెలియకుండా కార్డు రాయలేం. పక్క ఊరి కైవారం తాతయ్య గారినే చూడండి. ఒక పుస్తకం మీద నారాయణప్ప, ఇంకోదాని మీద యోగి నారేయణ. అన్నీ ఒకే చోటికి రావాలంటే, ఒక పేరు నిర్ణయించుకుని మిగతా పేర్ల కార్డుల మీద ‘ఫలానా పేరు చూడండి’ అని రాయాలి. ఆ ఒక్క ముక్కే సగం విద్య.

ఇంకొకటి అక్షర క్రమం. మాలాగా తమిళ బడిలో చదివినవాళ్ళకు క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. తెలుగు కార్డులు పేర్చేటప్పుడు ‘గాంధీ’ని ‘క’ దగ్గర వెతికే అలవాటు మానుకోవాలి.

మిగతాది సులువే. పుస్తకం రాగానే రిజిస్టరులో వరస నంబరు వేసి, అదే నంబరు పుస్తకం మీద రాయాలి. పార్సిల్ ఆఫీసులో మూట మీది నంబరూ పుస్తకంలోని నంబరూ కలవకపోతే సరుకు దిక్కులేనిదైపోయినట్టే ఇక్కడా. తర్వాత ఒక్కో పుస్తకానికి మూడు కార్డులు: రచయిత పేరుతో ఒకటి, పుస్తకం పేరుతో ఒకటి, విషయంతో ఒకటి. కార్డు కొలత అయిదంగుళాలు, మూడంగుళాలు. కార్డులు వద్దంటే కంప్యూటరులో రాసుకోవచ్చు, నియమం మాత్రం అదే.

ఇదంతా ఎందుకంటే, మన ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గాని, పిల్లలు బడిలో చదివేది కన్నడం. తాతల పెట్టెల్లో ఉన్న శతకాలు, కీర్తనలు, భాగవతాలు ఏమిటో వాళ్ళకు తెలియదు. తెలియనిది పాత కాగితాల బండివాడికి పోతుంది. కాబట్టి మన జాబితా తెలుగు లిపిలోనూ, కన్నడ లిపిలోనూ రాద్దాం. అక్షరం రాని మనవడికి కూడా అది తన పుస్తకమేనని తెలియాలి.

ఇంట్లో పాత తెలుగు పుస్తకాలు ఉన్నవారు పుస్తకం ఇవ్వకపోయినా ఫరవాలేదు. మొదటి పేజీ ఫోటో తీసి సంఘానికి పంపండి. రచయిత పేరులో ఇంటిపేరు ఏదో, ఊరు ఏదో తెలిస్తే తప్పక రాయండి. అది మనకు తెలిసినంతగా వేరే ఎవరికీ తెలియదు.